చప్పుడు లేని చోట పరీక్ష

సిరిసిల్లలో శ్రీహరి సారుకు మెల్లగా మాట్లాడటం రాదు. ఇరవై ఏళ్లు సాంచాల మోతలో, అంటే మరమగ్గాల మధ్య, బతికిన గొంతు అది. చాయ్ తాగుతావా అని అడిగినా కొట్లాటకు పిలిచినట్టే ఉంటుంది. పాలిటెక్నిక్ చదువు మధ్యలో ఆగిపోయి సాంచా పట్టిన మనిషి, ఇప్పుడు రోజూ పొద్దున పనికి పోయేముందు రెండు గంటలు, మూతబడ్డ ఒక కార్ఖానాలో నేత కార్మికుల పిల్లలకు పాలిసెట్ పాఠాలు చెబుతున్నాడు. ఫీజు లేదు. రానివాళ్ల వాకిట్లో నిలబడి పిలుస్తాడంతే, వాడంతా లేస్తుంది.

నిరుడు ఏడుగురు పరీక్ష రాశారు. సారు దగ్గర లెక్కలు చకచకా చేసే పిల్లలే, అక్కడ తెల్లమొహం వేసుకుని వచ్చారు. ఒక్కరికీ ప్రభుత్వ కాలేజీలో సీటు రాలేదు. ఈసారి తొమ్మిదిమంది. అందరిలో చురుకైంది హర్షిణి. కానీ ఆమె తండ్రి నరేశ్ ముందే తేల్చేశాడు.

"గీ ఒక్కపారి సూస్త సార్. సీటు రాకుంటే పిల్ల నూలు కండెలు సుట్టవడ్తది. నాకింకో తొవ్వ లేదు."

ఆ మాట విన్నప్పటి నుంచి సారుకు కంటి మీద కునుకు లేదు.

పదో తరగతి పరీక్షలు అయిపోయాక ఒక పొద్దున మాదిరి పరీక్ష పెట్టాడు. మధ్యలో కరెంటు పోయింది. చుట్టుపక్కల కార్ఖానాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. వెలుతురు బాగానే ఉంది, అయినా తొమ్మిది పెన్నులూ ఆగాయి.

"ఏమైంది బిడ్డా?"

హర్షిణి తల దించుకుంది. "సాంచాలు ఆగినయ్ సార్. సప్పుడు లేకుంటే లెక్క తోస్తలే."

సారు నెత్తి కొట్టుకున్నాడు. ఆ మోతలోనే పుట్టి, ఆ మోతలోనే నిద్రపోయి, చదువుకున్న పిల్లలు. వాళ్లకు అన్నీ నేర్పాడు కానీ నిశ్శబ్దంలో కూర్చోవడం నేర్పలేదు. నిరుటి తప్పు తనదేనని అప్పుడు తెలిసొచ్చింది.

మరి సిరిసిల్లలో చప్పుడు లేని చోటెక్కడ? ఊరి బయట ఫంక్షన్ హాలు నడిపే పాత దోస్తు అజీముద్దీన్ దగ్గరికి పోయాడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో వాడుకోమని అతను తాళాలిచ్చాడు. మొదటిరోజు ఫ్యాను కిర్రుమన్నా పిల్లలు తలెత్తి చూశారు, ఒకడైతే నిద్రే పోయాడు. పైగా సారు "నిమ్మలంగ రాయుండ్రి" అన్నప్పుడల్లా అందరూ ఉలిక్కిపడ్డారు. అజీముద్దీన్ అతని చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

"పోరగాండ్ల ఫికర్ నాకిడ్సిపెట్టు. ముందుగాల నువ్వు జర గేటు కాడ గూసో."

అసలు పరీక్ష దాకా పాఠాల వేళ సారు అక్కడే కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాడు, లోపల పిల్లలు చప్పుడు లేకుండా రాయడం అలవాటు చేసుకున్నారు. ఇంత కష్టం ఎన్నడూ పడలేదని భార్య మమతారాణితో వాపోతే, అదే అలవాటు ఇంట్లోనూ చేసుకోమంది ఆమె.

ఆరుగురికి సీట్లు వచ్చాయి. హర్షిణికి వచ్చింది. సారు ఆమెను వెంటబెట్టుకుని నరేశ్ పనిచేసే కార్ఖానాకు పరుగెత్తాడు. మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషి ఊరికే సాంచా ఆపడు. ఎంత మోతలోనైనా పెదవులు చూసి మాట పట్టేస్తాడు. నరేశ్‌కు సంగతి అలాగే తెలిసిపోయింది. అయినా తానొక్కడే నడిపే ఎనిమిది సాంచాలనూ ఒక్కొక్కటిగా ఆపేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మల్లొక్కపారి చెప్పుండ్రి సార్. శెవులార వింట."

శ్రీహరి సారు నోరు తెరిచాడు. వాడంతటినీ లేపే ఆ గొంతులోంచి మాట రాలేదు.

హర్షిణే మెల్లగా చెప్పింది. "సీటొచ్చింది బాపు."