దాచిపెట్టిన పాల సంగతి

కొండమీది స్మోల్యన్ నుంచి పెద్దాసుపత్రి ఉన్న ప్లోవ్‌దివ్ పట్నానికి దిగే వ్యాన్ మలుపులో ఆగి ఒక ఆడమనిషిని ఎక్కించుకుంది. స్తోయ్నాకు ఆమె కనబడలేదు. కొన్నాళ్లుగా రెండు కళ్లకూ పక్కవైపులు చీకటే, ఎదురుగా ఉన్నంతే లోకం. పక్కన కూర్చున్న మనిషి మాట్లాడాకే తెలిసింది, పొరుగింటి దఫీనా అని.

"తల తిప్పి చూడొచ్చులే వదినా. నేను ఎత్తుకుపోవడానికి నీ దగ్గర ఇంకేం మిగిలిందని?"

ఆ కొండల్లో పాలిచ్చే తల్లి మరో బాలింత ఇంటికి వెళితే, గుమ్మం దాటేముందు తన పాలు నాలుగు చుక్కలు అక్కడ పిండి రావాలి. లేకపోతే ఆ ఇంటి పాలు ఈమె వెంట పోతాయట. పాలకూ పరాయి కంటికీ లంకె పెట్టని దేశం ఎక్కడైనా ఉందా అంటే, తిరిగినంతలో కనబడదు. స్తోయ్నా కాన్పయ్యాక చూడ్డానికొచ్చిన దఫీనా, తనూ చంటిబిడ్డ తల్లే, ఆ చుక్కలు మరిచిపోయింది. వారం తిరక్కుండా స్తోయ్నా పాలు ఎండిపోయాయి. బయట చెబితే ఇక తిరిగి రావని అత్త కోడలి నోరు కట్టేసింది. అయినా దొంగన్న గుసగుస పొరుగింటికి చేరనే చేరింది.

తర్వాత తలనొప్పి, ఆ తర్వాత చీకటి. స్కానింగులో మెదడు కింద పీయూష గ్రంథి ఉబ్బి కనబడింది. కణితి అన్నారు. రేపు ముక్కులోంచి పనిముట్లు దూర్చి తీస్తారు. కళ్లు దక్కుతాయో లేదో.

"పాలు ఆగిన సంగతి డాక్టరుకి చెప్పావా?" అంది దఫీనా.

"అదేమన్నా రోగమా?"

"కాదు మరి, దొంగతనం కదా. పద, నేనూ వస్తా. పాలు ఎవరైనా ఎత్తుకుపోతారేమో నా ఎదుటే అడుగు."

ఆసుపత్రి దాకా వచ్చి అన్నంత పనీ చేసింది, డాక్టరు ఎదుట తనే అడిగేసింది. సర్జన్ నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"పాలు ఎప్పుడు ఆగాయి?"

"తలనొప్పికి ముందే," అంది స్తోయ్నా నేల చూస్తూ.

"ఈ మాట ముందే చెప్పాల్సిందమ్మా. ఇది కణితి కాకపోవచ్చు. కాన్పు తర్వాత ఆ గ్రంథికి వాపు వస్తుంది కొందరికి, దాంతో పాలు ఆగిపోతాయి, చూడ్డానికి అచ్చం కణితిలాగే ఉంటుంది. రేపు కోత వద్దు. ఇవాళే మందు మొదలుపెడదాం."

"తగ్గకపోతే?"

"కోయాల్సిందే."

"చూపు వస్తుందా?"

"రావచ్చు. మాటివ్వలేను."

వరండాలో దఫీనా దారికి అడ్డంగా నిలబడింది. "విన్నావుగా. నేను దొంగని కాదని మీ అత్తకి ఫోన్ చేసి చెప్పు, నా ముందే."

స్తోయ్నా మనసు ఫోన్ మీద లేదు. దొంగంటూ ఒకరుంటే వాళ్ల చేతి రొట్టెముక్క తిని పాలు తిరిగి తెచ్చుకోవచ్చంటారు కొండల్లో. తన తలే తినేస్తుంటే ఎవరి గుమ్మం ఎక్కాలి? పాలు తిన్నది రేపు కళ్లు తినదని ఎవరు చెప్పాలి?

గోడ తడుముకుంటూ, వెళ్లొస్తానని కూడా అనకుండా, మందు ఎక్కించే గదివైపు నడిచిపోయింది.