బ్యాంకు కాదనలేదు

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మూడు చోట్లా కలిపి రెండు వందల మంది చిన్న కాంట్రాక్టర్లను తయారు చేసినవాణ్ణి నేను. నా చేతి కాగితం లేనిదే ఈ ప్రాంతంలో ఒక కల్వర్టు లేవలేదు, ఒక బడి గోడ నిలబడలేదు. ఈ మాట పెళ్లిళ్లలో చెప్పాను, దినాల్లో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, చివరికి దవాఖానలో బీపీ చూస్తున్న నర్సమ్మకు కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ దాని వెనకాలే ఇంకొక మాట గొంతు దాకా వచ్చేది. దాన్ని మింగేవాణ్ణి. ఎన్నేళ్లు మింగానో లెక్కపెట్టడం నాకిష్టం లేదు. డెబ్బై ఆరు నిండాయి. ఇంక మింగే ఓపిక లేదు.

ఈ కాగితం చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల ముందు నిజం చెప్పే అలవాటు నాకు లేదు.

ముందు ఆ రెండు వందల సంగతి తేల్చేస్తాను. నా దగ్గరికి వచ్చింది పందొమ్మిది మంది. అందులో ఏడుగురు జిరాక్సు కోసం వచ్చారు. గద్వాల నుంచి వచ్చినాయన చీరలు నేసే మనిషి, మగ్గానికి అప్పు కావాలని దరఖాస్తు రాయించుకుని పోయాడు, ఆయన్ను కూడా కాంట్రాక్టర్ల లెక్కలోనే వేసుకున్నాను. మిగిలిన పదకొండు మందిలో నేను మనసు పెట్టి దారి చూపించింది ఒక్కడికి. ద్రోహం చేసింది కూడా ఆ ఒక్కడికే.

అతని పేరు సాయన్న. మా కోడేరు మనిషే, నాకు వరుసకు బావ. గుంపు మేస్త్రి. మా పాలమూరు వాళ్లు ఎక్కడెక్కడి డ్యాములకో, కాలువలకో గుంపులుగా పోయేవాళ్లు కదా, అలాంటి ఒక గుంపును ఇరవై ఏళ్లు నడిపాడు. బడి మొహం చూడలేదు. పేరు మాత్రం రాసేవాడు, ఒక్కొక్క అక్షరం రాయి పేర్చినట్టు. గోడ మీద అరచేయి ఆనించి ఇందులో సిమెంటు ఎంత తగ్గిందో చెప్పేవాడు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు మా వైపు ఎత్తిపోతల కాలువల పనులు మొదలయ్యాయి. నేను ఇంజనీర్ల ఆఫీసులో గుమాస్తాగా చేసి అప్పుడే రిటైరయ్యాను. దరఖాస్తులు, టెండరు కాగితాలు రాసిపెట్టడానికి నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర ఒక గది తీసుకున్నాను. సాయన్న వచ్చి నా ముందు కూర్చుని, సొంత ఊళ్లోనే కాంట్రాక్టరుగా పని చేయాలని ఉందన్నాడు. తన కోసం కాదు, తన గుంపు కోసం. ఊరి వాళ్లు ఊళ్లోనే పని చేసుకుని రాత్రికి ఇళ్లకు చేరాలి. అంతే అతను కోరింది.

సర్కారు పని దొరకాలంటే చేతిలో నేర్పు చాలదు. పని మధ్యలో వదిలేసి పోతే ఆ నష్టం నేను కడతానని బ్యాంకు రాసివ్వాలి. దాన్నే బ్యాంకు గ్యారంటీ అంటారు. బ్యాంకు ఊరికే రాసివ్వదు, భూమి కాగితాలు అడుగుతుంది. భూమి విలువను బట్టి ఇంత దాకా అని ఒక హద్దు పెడుతుంది. సాయన్నకు భూమి లేదు. అతని భార్య బాలమ్మకు ఉంది, పెళ్లినాడు తల్లి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన మూడెకరాలు. ఆముదాలు పండే ఎర్రనేల. ఆ పాసు పుస్తకం బాలమ్మ తానే తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నన్ను అన్నా అని పిలిచేది.

సాయన్న కోసం రెండు వందల పేజీల నోటుబుక్కు కొని ఐదేళ్ల ప్లాను రాశాను. మొదటి ఏడాది రెండే పనులు, అవీ చిన్నవి, సిమెంటు రోడ్డు, బడి ప్రహరీ. గడువుకు ముందే ముగించి సర్టిఫికెట్లు తీసుకోవాలి. మిషన్లు కొనకూడదు, కిరాయికి తేవాలి. ఒక పని గ్యారంటీ విడిపించుకున్నాకే ఇంకొక పనికి వేయాలి. అన్నిటికన్నా పైన, ఎర్ర సిరాతో రాసిన సూత్రం: బ్యాంకు ఇచ్చిన హద్దులో సగం ఎప్పుడూ ముట్టుకోకూడదు. పెద్ద అవకాశం చెప్పి రాదు, వచ్చిన రోజు ఆ సగం చేతిలో ఉండాలి. మూడో ఏడాదో నాలుగో ఏడాదో కాలువ మీద తూములు, చిన్న వంతెనలు టెండరుకు వస్తాయి, అది దాని కోసం. జీవితంలో నేను రాసిన కాగితాల్లో నాకు గర్వంగా ఉన్నది ఆ నోటుబుక్కు ఒక్కటే.

సాయన్న అక్షరం తప్పకుండా పాటించాడు. చదవలేని మనిషి ఎలా పాటించాడంటారా? నేను చదివి వినిపిస్తే బట్టీ పట్టాడు. తిమ్మాజిపేటలో ఒక పని వస్తే, మూడోది వద్దని రాసి ఉంది బావా అని వదులుకున్నాడు. ఆ సగం అలాగే ఖాళీగా ఉంది.

ఖాళీగా ఉందని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

వనపర్తిలో ఒక పెద్ద కాంట్రాక్టరు ఉండేవాడు, పేరు వద్దు. అతని హద్దు నిండిపోయింది. ఇంకొక పని పట్టడానికి గ్యారంటీ కావాలి. నన్ను పిలిపించాడు. కుర్చీ వేయించి, తన ఇంజనీర్లను నిలబెట్టి, సారుకు టీ పట్రండి అన్నాడు. ముప్పై ఏళ్లు ఆ ఇంజనీర్ల లాంటివాళ్లకే నేను ఫైళ్లు మోశాను. చిన్న కాంట్రాక్టరు ఎవరినైనా భాగస్థుడిగా చూపిస్తే, అతని హద్దు మీద గ్యారంటీ తీయొచ్చు, ఆరు నెలల్లో విడిపిస్తాను అన్నాడు. నాకు కొంత ముట్టింది. దాంతో గదికి రంగు వేయించి, బయట పెద్ద బోర్డు పెట్టించాను. డబ్బు కోసం చేశానని చెప్పుకుంటే తేలికగా ఉంటుంది. కానీ నన్ను కొన్నది ఆ కుర్చీ అని నాకు తెలుసు. అంత చవకగా పోయానా? పోయాను.

సాయన్ననూ బాలమ్మనూ బ్యాంకుకు తీసుకుపోయాను. పాత గ్యారంటీకి ఏడాది నిండింది, మళ్లీ రాయాలని చెప్పాను. అందులో కొంత నిజం ఉంది, పొడిగింపు కాగితం నిజంగానే పైన ఉంది. దాని కింద వనపర్తి కాగితం ఉంది. సాయన్న తన రాళ్లు పేర్చాడు, బాలమ్మ వేలిముద్ర వేసింది. ఇద్దరూ నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. నా మీద వాళ్ల నమ్మకం అలాంటిది.

ఆరు నెలలు గడిచాయి. వనపర్తి పని ఆగిపోయింది, గ్యారంటీ అందులో చిక్కుకుంది. సరిగ్గా అప్పుడే, కోడేరు పొలాల పక్క నుంచి పోయే పిల్లకాలువ మీద నాలుగు తూములకూ ఒక చిన్న వంతెనకూ టెండరు పడింది. సాయన్న ఆ మధ్యాహ్నమే నా గదికి వచ్చాడు. కొత్త అంగీ తొడుక్కున్నాడు. గడప దగ్గరే చెప్పులు విడిచాడు, నా గదిలో ఎవరూ చెప్పులు విడవరు. సగం వాడే రోజు వచ్చింది బావా, బ్యాంకుకు పోయిరా అన్నాడు. నేను పోలేదు. ఎందుకు పోవాలి, అక్కడ ఏముందని? మూడు రోజులు గదికి తాళం వేసి తిరిగాను. నాలుగో రోజు వాళ్ల ఇంటికి పోయాను. బాలమ్మ జొన్నరొట్టె పెట్టింది. తిన్నాను. ఆ రొట్టె తిన్న సంగతి రాయకపోతే ఈ కాగితానికి అర్థం లేదు.

"ఏమన్నరు బావా బ్యాంకోళ్లు?" అన్నాడు సాయన్న. "నీ మొగం జూస్తే అప్పు దొరకనోని లెక్కనే ఉన్నది."

"కాదన్నరు."

"ఏంటికి?"

ఆ క్షణంలో ఎన్ని అబద్ధాలు లేవు? మేనేజరు మారాడని చెప్పొచ్చు. పై నుంచి ఉత్తర్వు రాలేదని చెప్పొచ్చు. నా నోటికి వచ్చింది మాత్రం ఇది.

"సదువు రానోనికి గంత పెద్ద గ్యారంటీ ఇయ్యం అన్నరు. సంతకమే సక్కగ లేదన్నరు."

సాయన్న తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"గిన్ని డ్యాములు కడితిమి. ఒక్కడన్న నా సంతకం ఎట్లున్నదని అడగలే. మా ఊరి తూముకు అడుగుతుండ్రు సూడు."

"ఇంకో బ్యాంకు సూద్దాం తియ్యి," అన్నాను.

"వద్దు బావా. నువ్వు జెయ్యాల్సింది జేసినవు. లోపం నాతాన్నే ఉన్నది. తిను, రొట్టె సల్లారుతది."

లోపం తన దగ్గరే ఉందన్నాడు. నేను ఆ మాటను నేల మీద పడనిచ్చాను. ఎత్తుకుని, కాదు బావా అని చెప్పలేదు. చేసిన మోసం ఒకటి, ఆ మోసం పోయి అతని చదువులేమిగా నిలబడటం ఇంకొకటి. రెండోదే నన్ను తినేసింది. బ్యాంకు అతన్ని కాదనలేదు. అతని కాగితం బ్యాంకు బల్ల దాకా పోనే లేదు.

ఆ ఎండాకాలం దాటకముందే సాయన్న ఏదో బయటి రాష్ట్రం కంపెనీ నుంచి అడ్వాన్సు పట్టాడు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, నలభై మంది లారీ ఎక్కారు. మేకపిల్లను ఎత్తుకున్నవాళ్లు, గిన్నెల మూట మీద కూర్చున్నవాళ్లు, అందరి చివర బాలమ్మ. కోడేరు తూములు కట్టడానికి ఎక్కడి నుంచో వేరే కాంట్రాక్టరు వచ్చాడు, ఎక్కడి నుంచో కూలీలను తెచ్చాడు. మా వాళ్లు పరాయి చోట, పరాయి వాళ్లు మా చోట. రెండు గుంపులూ దారిలో ఎదురుపడ్డాయేమో కూడా.

నాలుగేళ్లకు వనపర్తి గ్యారంటీ విడుదలైంది. భూమి కాగితాలు తెచ్చి బాలమ్మ చేతిలో పెట్టాను. చూశావా, భూమి ఎక్కడికీ పోలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను, చాలాకాలం. భూమి పోలేదు. నిజమే. సాయన్నకు మళ్లీ టెండరు మాట ఎత్తే మనసే పోయింది. మోకాళ్లు అరిగేదాకా పరాయి డ్యాముల మీద తిరిగాడు. నాలుగేళ్ల కిందట జ్వరంతో పోయాడు. అతను బతికి ఉండగా చెప్పడానికి ఎన్ని అవకాశాలు వచ్చాయని? ప్రతి పండుగకూ ఊరికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నేను రెండు వందల కాంట్రాక్టర్ల కథ మొదలుపెట్టేవాణ్ణి. అతను వినేవాడు. ఎన్నడూ లెక్క అడగలేదు.

క్షమించమని ఎవరిని అడగాలి? అడిగే మనిషి లేడు, అడిగే హక్కు అంతకన్నా లేదు. ఇక్కడి దాకా రాసి కలం మూశాక మాత్రం కొంచెం తేలికయింది. శిక్ష తప్పినవాడి తేలిక కాదది. ఒళ్లో పెట్టుకున్న నిప్పును తీసి బయట పెట్టినవాడి తేలిక. కాలిన చోటు కాలినట్టే ఉంది.

మీకు పంపేముందు ఒక్క మనిషికి చదివి వినిపించాలనిపించింది. నిన్న పొద్దున కోడేరు బస్సెక్కాను. బాలమ్మ వాకిట్లో చాప వేసింది. మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ విన్నది. సాయన్న అరచేతులు చూసుకున్న చోట చేతులు ఆపింది, మళ్లీ మొదలుపెట్టింది. చదవడం అయిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. నేను కాగితాలు మడుస్తుంటే అంది.

"నలభై మంది యాడికెళ్లి వచ్చిన్రన్నా? లారీల పోయింది ఇరవై ముగ్గురం. నీకు ఉన్నది ఉన్నట్టు జెప్పుడు ఇంకా రాలే."

నేను తల దించుకుని ఇరవై మూడు అని దిద్దబోయాను.

"గది గాదు. అస్సలుది తప్పు రాసినవు. మేము ఏం అడగలేదని రాసినవు. ఆయన అడగకపోవచ్చు, నేను అడిగిన. బ్యాంకు మెట్ల మీద నీ అంగీ పట్టుకొని అడిగిన. ఈ రెండో కాగితం ఎవ్వరిదన్నా, మా అమ్మ ఇచ్చిన భూమి, జర జెప్పు అన్న. నువ్వు నవ్వుకుంట, నీ మొగనిదే చెల్లె అన్నవు. మేము నమ్మినమని రాసుకోకు. అడిగినం. నువ్వు అబద్ధం జెప్పినవు. గట్ల రాయి."