శుక్రవారం వేడెక్కే బండి

పుంగనూరు నుంచి మదనపల్లెకు రోజూ మోటార్‌సైకిల్ మీదే వెళ్లొస్తాను. అక్కడ ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో నా ఉద్యోగం. నా బండికి ముందు చక్రం వెనక రేడియేటర్ ఉంటుంది. ఇంజన్ వేడిని అదే లాగేస్తుందని అమ్మినప్పుడు చెప్పారు. లాగడం మానేస్తే ఏం చేయాలో చెప్పలేదు.

మొదటిసారి దారిలో మీటర్ మీద వేడి హెచ్చరిక లైటు ఎర్రగా వెలిగి ఆగిపోయినప్పుడు మదనపల్లె మెకానిక్ బండిని కడిగించి, కూలెంట్ మార్చాడు. కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. పుంగనూరు మెకానిక్ కడిగించి, థర్మోస్టాట్ మార్చి, మదనపల్లె వాణ్ణి తిట్టాడు. కుప్పంలో పుట్టింటికి వెళ్లినప్పుడు మళ్లీ ఆగితే అక్కడి నిపుణుడు కూడా కడిగించి, ఫ్యాన్ మార్చి, ఇద్దరినీ తిట్టాడు. ఒక్క విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకే మాట: "ఆడోళ్లు తోలితే ఇంతేమ్మా." నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంట్లో మా ఆయన తీర్పు చెప్పేశాడు. "ఇంగొక్కసారి ఆగిందంటే అమ్మేసి స్కూటీ తెస్తా." నా జీతంతో ఇష్టపడి కొనుక్కున్న బండి అది. చేజారిపోతుందేమోనని నిజంగా భయపడ్డాను. ఆ బండంటే మా అత్తకు గిట్టదని, ఆగిపోవాలని మొక్కుకుంటోందని నా గట్టి నమ్మకం.

ఆగేది ఎప్పుడూ శుక్రవారమేనని నాకు ఆలస్యంగా తట్టింది. తర్వాతి శుక్రవారం స్నానం త్వరగా ముగించి వాకిట్లోకి వచ్చాను. మా అత్త బండి ముందు గొంతుక్కూర్చుని, చక్రం పక్కనుంచి చెయ్యి దూర్చి, రేడియేటర్ నిండా పసుపు ముద్ద మెత్తుతోంది. గాలి దూరే సందు ఒక్కటి మిగల్లేదు.

"ఏం చేస్తాండావత్తా?"

"లైటుకు పూస్తే నువ్వు తుడిచేస్తాండావు గదమ్మా. అందుకే నీకు కనపడని తావులో పూస్తాండా. ఆగిపోయినప్పుడల్లా ఇంకొంచెం ఎక్కువే పూసినా. వాడు సూస్తే అమ్మేస్తానంటాండాడు. నేను సైకిలు గూడా ఎరగను. నువ్వు దాని మింద పోతాంటే సూడాలని ఉండాది నాకు."

ముగ్గురు మెకానిక్‌లు చేసిన అసలు వైద్యం బండిని కడిగించడమేనని అప్పుడు అర్థమైంది. నాకు సిగ్గేసింది. ఆమె మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. పైపు పెట్టి పసుపంతా కడిగేసి, ఆమె చెయ్యి పట్టుకుని హెడ్‌లైటు దగ్గరికి తెచ్చాను.

"ఈడ పూయత్తా."

ఆ తర్వాత బండి ఆగలేదు. శుక్రవారం చీకటి పడ్డాక ఇంటికొస్తుంటే దారి కాస్త మసకగా, పసుపుపచ్చగా కనిపిస్తుంది. తుడవను.