పచ్చికార్జం అంకమ్మరావు

గుడివాడలో ట్రాక్టర్లు బాగుచేసే అంకమ్మరావుకి ఇంటిపేరు ఒకటి ఉంది గానీ, అది రేషన్ కార్డు దాటి బయటికి రాలేదు. ఊళ్లో అందరికీ అతను పచ్చికార్జం అంకమ్మరావే. ఆదివారం మధ్యాహ్నం బస్టాండు పక్కన నాగూర్ బీ హోటల్లో కూర్చుంటాడు. నిప్పుకి చూపించీ చూపించకుండా తెచ్చిన ఎర్రటి మేక కార్జం మీద నిమ్మకాయ పిండి, పదిమంది నోళ్లు వెళ్లబెట్టి చూస్తుండగా తింటాడు. మిగతా వారమంతా దాని గురించే చెప్పుకుంటాడు.

ఇంటికి రాగానే ఆ మొనగాడే పొట్ట తడుముకుంటూ నులిపురుగుల మాత్ర కోసం వెతికేవాడు. అతని భార్య దుర్గకి నవ్వొచ్చేది. అయితే, పచ్చిమాంసంలో పురుగులు మెదడుకి ఎక్కుతాయని టీవీలో ఒక డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆ నవ్వు పోయింది. మానెయ్యమని బతిమాలింది, అలిగింది, అన్నం మానేసింది. అతను మీసం మెలేశాడే తప్ప మాట వినలేదు.

చివరికి ఒక ఆదివారం దుర్గ కొంగు దోపుకుని, హోటల్ వెనక గుమ్మంలోంచి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. తన పసుపుకుంకాలు మీ చేతుల్లో ఉన్నాయని నాగూర్ బీ ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది.

ముసలావిడ పెనం మీది మూత తీసింది. కార్జం లోపలిదాకా ఉడికి, నల్లగా వేగి ఉంది. పక్కన గిన్నెలో బీట్‌రూట్ రసం, ఎర్రటి కారం నూనె.

"నెత్తురు మాకు హరాం అమ్మాయ్. నెత్తురోడే ముక్క నా చేత్తో ఎట్లా పెడతాను? మీ ఆయన నలుగురిలో పందెం కాసి పచ్చిదే కావాలన్నాడు. పరువు తియ్యడం ఎందుకని రంగు పూశాను. అదే అలవాటైపోయింది."

దుర్గ గుండెల మీంచి బండ దిగింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఇన్నాళ్లు నిద్ర లేకుండా చేసిన మనిషిని ఒక్క మాటతో నేలకి దింపొచ్చు. తలుపు సందులోంచి చూసింది. అంకమ్మరావు చేతులు తిప్పుతూ గొప్పలు చెబుతున్నాడు, మొహం వెలిగిపోతోంది. పాపం, ఈ పేరు తప్ప ఈయనకి ఇంకేం ఉంది అనిపించింది.

ముందుకి వెళ్లి అతని పక్కన కూర్చుంది. తనకీ ఒక ప్లేటు పచ్చికార్జం పంపమని నాగూర్ బీని అడిగింది. వచ్చాక నిమ్మకాయ పిండుకుని, ఒక ముక్క నోట్లో వేసుకుని నింపాదిగా నమిలింది.

అంకమ్మరావు మొహం పాలిపోయింది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దే దుర్గా. నీకేవన్నా అయితే నేనేమైపోవాలి?"

"మీకైతే నేనేమైపోవాలండీ?"

అతను రెండు ప్లేట్లూ పక్కకి నెట్టేసి, ఇకనుంచి తమకి బాగా వేయించిందే పెట్టమని పదిమందీ వినేట్టు చెప్పాడు. ఇంటికి వెళ్లాక ఆమెకీ ఒక మాత్ర ఇచ్చాడు. ఆమె మారుమాట్లాడకుండా వేసుకుంది.

మళ్లీ ఆదివారం ఇద్దరూ కలిసే వెళ్లారు. నాగూర్ బీ అదే పెనం మీది అదే కార్జం పంపింది, రంగు మాత్రం పూయలేదు. అంకమ్మరావు ఒక ముక్క నమిలి పెదవి విరిచాడు.

"ఎంతైనా పచ్చిదాని రుచి దీనికి రాదే."

"అవునండీ," అంది దుర్గ, ఇంకో ముక్క తీసుకుంటూ.