క్లారినెట్టు పక్షం

మా వైపు పెళ్లి కుదిరిందంటే, పెళ్లికొడుకు ఏం చదివాడనే ప్రశ్న తర్వాత వచ్చేది. ముందు ఏ మేళం పెడుతున్నారని అడిగేవాళ్లు. ఎనభైల మొదట్లో మా చుట్టుపక్కల ఊళ్లకి బ్యాండు మేళాలంటే రెండే లెక్క. పర్చూరు అవతలి పల్లె నుంచి వచ్చే మేళానికి క్లారినెట్టు ప్రాణం. చీరాల నుంచి వచ్చే మేళానికి సాక్సాఫోను. రెండూ వాయించేది సినిమా పాటలే, ఒక్కోసారి ఒకే పాట కూడా, అయినా జనం మాత్రం కలిసేవాళ్లు కాదు. క్లారినెట్టు ఇంటివాళ్లు సాక్సాఫోను పెళ్లికి వెళ్లొస్తే వంకాయ కూర బాగుందని చెప్పేవాళ్లు గానీ మేళం మాట ఎత్తేవాళ్లు కాదు.

మాది క్లారినెట్టు ఇల్లు. ఆ క్లారినెట్టు వాయించే ఆయన పెళ్లిళ్లు లేని రోజుల్లో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా నాన్న ఆయన్ని సాయిబుగారూ అని పిలిచేవాడు. అమ్మానాన్నల పెళ్లికీ ఆయన మేళమేనట. మా ఇంట్లో ఎవరి పెళ్లి జరిగినా ఆయన ముందుగా నన్ను వెతుక్కుని, ఏం వాయించమంటావమ్మా అని అడిగేవాడు. నేను చెప్పిన పాటతోనే ఊరేగింపు కదిలేది. ఆ పెత్తనం నాకు ఎలా వచ్చిందో గుర్తు లేదు కానీ, అది నాదేనని చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు.

పక్షం ఒకటే అయినా పాటల దగ్గర అన్నయ్యకీ నాకూ ఒక్క మాట కుదిరేది కాదు. చలికాలం వెళ్తూ ఉండగా మిరపకాయలు కోసి కల్లంలో ఆరబోసేవాళ్లం. ఎర్రటి కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి కూలీ ఆడవాళ్లు వచ్చేవాళ్లు. గుడిసె నిట్రాడుకి రేడియో తగిలించి అన్నయ్యా నేనూ వాళ్ల మధ్యనే కూర్చునేవాళ్లం. పాట మొదలైతే చాలు, మా గొడవ మొదలు. పల్లవి బాగుందని నేనంటే చరణం ముందు పల్లవి ఎందుకూ పనికిరాదని వాడు. పాడినాయన గొంతు బాగుందని నేనంటే, ముక్కుతో పాడేవాణ్ణి పట్టుకుని గొంతంటావేంటని వాడు. వయొలిన్లు ఎక్కువైపోయాయనీ, డోలక్కు లేకపోతే అది పాటే కాదనీ, పాత పాటలకున్న నిదానం కొత్త పాటలకి లేదనీ, నిదానం కావాలంటే ఎద్దుల బండి ఎక్కు పాట దేనికనీ, కాయల ఘాటుకి తుమ్ముకుంటూ మరీ పోట్లాడుకునేవాళ్లం. కూలీవాళ్లలో సగం మంది వాడి వైపు, సగం మంది నా వైపు. రేడియోలో పాట పూర్తయి వార్తలు వస్తున్నా మా తగువు తేలేది కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అన్నయ్య మాటలు తక్కువ మనిషి. నాన్న ఎదురుగా తల ఊపడం తప్ప నోరు విప్పడు. స్నేహితులు పదిమంది చేరి హీరోల గురించి అరుచుకుంటుంటే ఒక పక్కన కూర్చుని నవ్వుతాడు. వాడు మాటకి మాట అనేది ప్రపంచంలో నా ఒక్కదానితోనే. అలా వాదిస్తున్నప్పుడు వాడి మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు నా సొంతమనుకునేదాన్ని. ఎవరికైనా పొలం ఉంటుంది, నగలుంటాయి, నాకు మా అన్నయ్యతో పోట్లాట ఉండేది.

అన్నయ్య పెళ్లి గుంటూరులో అయింది. అమ్మాయి వైపువాళ్లు టౌను మనుషులు, వాళ్లకి బ్యాండు మేళమే లేదు. సత్రంలో స్టేజీ కట్టించి ఆర్కెస్ట్రా పెట్టించారు. మైకు ముందు నిలబడి ఒకాయన చొక్కా బొత్తాలు విప్పుకుని పాడుతుంటే, పీటల మీదున్న అన్నయ్య చెవి దగ్గరికి వెళ్లి, ఈ పాట చంపేశాడు చూడు అన్నాను. వాడు నవ్వుతాడనుకున్నాను, కనీసం కాదంటాడనుకున్నాను. ఇప్పుడు కాదులే అన్నట్టు కళ్లతోనే సైగ చేసి పక్కకి తిరిగాడు. సరే, పెళ్లికొడుకు కదా, సిగ్గుపడుతున్నాడని సర్దుకున్నాను.

వదిన కాపురానికి వస్తూ టూ ఇన్ వన్ తెచ్చుకుంది. రేడియోకి రేడియో, టేప్ రికార్డరుకి టేప్ రికార్డరు. దానితో పాటు ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు. ఊళ్లో ఆడపిల్లలందరూ మా వసారాలో చేరి వాటిని తిప్పి తిప్పి చూశారు. నేను మాత్రం దొడ్లో పని ఉన్నట్టు అటే తిరిగాను. ఆవిడ గయ్యాళిదైతే నా పని సులువయ్యేది. కానీ వదిన నెమ్మదస్తురాలు. పాట వస్తుంటే చేతిలో పని ఆపేసేది. కళ్లు సగం మూసుకుని పూర్తిగా వినేది, అయిపోయాక బాగుందనో బాగోలేదనో ఒక్క ముక్క చెప్పేది. అంతే, ఇంట్లో అందరికీ అదే తీర్పు. నేను గంటసేపు వాదించి గెలిచినా రాని గౌరవం ఆవిడకి ఆ ఒక్క ముక్కతో వచ్చేది. నాకు ఒళ్లు మండిపోయేది.

అన్నయ్య అసలు వాదించడం మానేశాడు. వదిన బాగుందంటే బాగుందనేవాడు. కాదంటే, అవును, నాకూ ఎందుకో నచ్చలేదనేవాడు. నేను ఏదైనా పాట మీద గొడవ పెట్టుకోబోతే, మీ వదినని అడుగు అనేవాడు. వదినని అడగడానికి నాకేం పని? నాకు కావలసింది జవాబు కాదు. వాడు ఆ మాటంటే ఎక్కడో సూదితో గుచ్చినట్టుండేది.

ఆ యేడు కాయలు కల్లానికొచ్చినప్పుడు వదిన కూడా వచ్చింది, టేప్ రికార్డరు ఒళ్లో పెట్టుకుని. రేడియో రాని వేళల్లో అంతవరకూ కూలీవాళ్లు నన్ను పాడమనేవాళ్లు. నా గొంతు గొప్పదేం కాదు గానీ పాటలన్నీ చరణాలతో సహా వచ్చు. ఇప్పుడు వాళ్లందరూ గోనెపట్టాలు ఈడ్చుకుంటూ వదిన చుట్టూ చేరారు. నేను ఒక కుప్ప ముందు ఒక్కదాన్నే కూర్చుని తాలుకాయలు ఏరాను. కాసేపటికి వదిన నన్ను చూసి టేపు ఆపేసింది.

"నువ్వు పాడమ్మాయ్. నీ పాట వినాలనుంది" అంది.

ఆవిడ ఆపితే నేను పాడాలా? గొంతు బాగోలేదన్నాను. నిజంగానే అనుకుని ఆవిడ ఇంటికెళ్లి మిరియాల పాలు కాచి పంపించింది. ఆ పాలు కుక్కకి పోశాను. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను.

శ్రీరామనవమి పందిట్లోకి ఆ సంవత్సరం చీరాల మేళం వచ్చింది. అంతకుముందైతే అన్నయ్యా నేనూ దూరంగా నిలబడి సాక్సాఫోనుని వెక్కిరించేవాళ్లం. దానికి జలుబు చేసిన గేదె అని పేరు పెట్టింది మా అన్నయ్యే. అలాంటిది, ఆ రోజు వాడు జనాన్ని తోసుకుంటూ మేళం దగ్గరికి వెళ్లి, వదినకి ఇష్టమైన పాట వాయించమని అడిగాడు. ఎవర్నీ ఏమీ అడగని మనిషి. సాక్సాఫోను మొదలైంది. ఆ పాటంతా వాడు వదిన మొహమే చూస్తూ నిలబడ్డాడు. పాట అయ్యాక నేను వదినకి వినబడేలా గేదె సంగతి చెప్పాను. ఆవిడ పకపకా నవ్వింది. అన్నయ్య మాత్రం నవ్వలేదు.

"అప్పట్లో నాకేం తెలుసు పాట గురించి" అన్నాడు.

అప్పట్లో అంటే మేమిద్దరం కల్లంలో గడిపిన సంవత్సరాలన్నీ. వాటన్నిటినీ ఒక్క మాటతో ఊడ్చి పారేశాడు. ఆ రోజు ప్రసాదం పుచ్చుకోకుండా ఇంటికొచ్చి పడుకున్నాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

తర్వాతి వేసవిలో నాకు పెళ్లి కుదిరింది. మగపెళ్లివారిది వాడరేవు దారిలోని ఊరు. వాళ్లు చీరాల మేళంతో వస్తున్నామని కబురు పెట్టారు. మన వైపు ఎవరిని పెడదామని నాన్న అడిగితే, సాయిబుగారి మేళం తప్ప ఇంకోటి వద్దని నేను పట్టుబట్టాను. అన్నయ్య వద్దన్నాడు. చాలా రోజుల తర్వాత నాకు ఎదురు చెప్పాడు, కానీ అందులో ఆ పాత సరదా లేదు.

"ఆ ముసలాయనకి ఇప్పుడు ఊపిరి ఎక్కడుందే? ఎదురుకోలులో వాళ్ల సాక్సాఫోను ముందు మనోళ్లు ఎంతసేపు నిలబడతారు? నలుగురిలో పరువు పోద్ది" అన్నాడు.

"పోతే నాది పోద్ది. నీకేంటి?" అన్నాను.

నాన్న మధ్యలోకి వచ్చి సాయిబుగారికే తాంబూలం ఇచ్చాడు. అన్నయ్య లేచి వెళ్లిపోయాడు. నాకు గెలిచినట్టే లేదు. మేళం గెలవడం ఓడడం కాదు నాకు కావలసింది. ఎదురుకోలు సాయంత్రం, ఊరందరి ముందు, మా అన్నయ్య ఏ పక్షాన నిలబడతాడో నాకు తెలియాలి. పెళ్లయ్యాక నేను వెళ్లిపోతాను. తెలుసుకోవడానికి ఇంకో రోజు దొరకదు.

ఎందుకంటే మా వైపు ఎదురుకోలుకి ఒక పద్ధతి ఉంది. మగపెళ్లివారు ఊరి మొదటికి రాగానే ఆడపెళ్లివారు పానకం బిందెలతో, పన్నీరు బుడ్డితో ఎదురెళ్తారు. రెండు మేళాలూ ముఖాముఖి నిలబడి పాటకి పాట వాయిస్తాయి. కాసేపు పోటీ నడిచాక, పెళ్లికూతురి అన్నయ్య భుజం మీది కండువా తీసి పైకెత్తాలి. అప్పుడు ఆడపెళ్లివారి మేళం ఆగిపోతుంది. మగపెళ్లివారి మేళం చివరి పాట వాయించుకుంటూ ఊళ్లోకి వస్తుంది. మేము తగ్గాం, మీరు రండి అని చెప్పడమన్నమాట. ఎంత గొప్ప మేళమైనా ఆడపిల్ల వైపుదైతే ఆగాల్సిందే.

పొద్దుగూకే వేళకి వాళ్లొచ్చారు. పెళ్లికూతురు బయటికి రాకూడదు కాబట్టి మా పిన్నిని తోడు తీసుకుని డాబా ఎక్కి పిట్టగోడ వెనకాల కూర్చున్నాను. మా ఇల్లు ఊరి మొదట్లోనే, అక్కడి నుంచి వీధంతా కనబడుతుంది. పెట్రోమాక్సు దీపాల వెలుగులో సాక్సాఫోను తళతళ మెరుస్తోంది. వాళ్లు కొత్త పాట అందుకున్నారు. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఎంత కుళ్లుకున్నా ఒప్పుకోక తప్పదు, బాగా వాయించారు. సాయిబుగారు పాట పూర్తయ్యేదాకా ఆగి, పెదాలు తుడుచుకుని, ఒక పాత పాట ఎత్తుకున్నాడు. మొదట్లో డ్రమ్ముల మోతలో అది వినబడలేదు. తర్వాత మెల్లిగా అందరూ మాటలు ఆపేశారు. పల్లవి దాటి చరణంలోకి వచ్చేసరికి ఈలలు వేసిన కుర్రాళ్లు కూడా చేతులు కట్టుకున్నారు.

మగపెళ్లివారి వైపు పెద్దాయనకి అది నచ్చినట్టు లేదు. ఇక కానివ్వండి అన్నట్టు అన్నయ్యకి సైగ చేశాడు. అన్నయ్య చెయ్యి కండువా మీదకి వెళ్లింది. దాన్ని భుజం మీంచి తీశాడు. ఒద్దు అన్నయ్యా, ఎత్తొద్దు అని లోపల లోపలే అన్నాను. కండువా నడుము దాకా లేచింది. అక్కడ ఆగాడు.

ఆగి వెనక్కి తిరిగాడు. డాబా వైపు కాదు. ఆడవాళ్ల గుంపులో పానకం బిందె పట్టుకుని వదిన నిలబడి ఉంది. ఆవిడ వైపు చూశాడు. వదిన తల కొంచెం, అడ్డంగా ఊపింది. ఎత్తొద్దని.

అన్నయ్య కండువాని మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. సాయిబుగారు అది చూసి రెండో చరణంలోకి వెళ్లాడు. వీధిలో గోల లేచింది. మగపెళ్లివారు కొంతమంది విసుక్కున్నారు, కొంతమంది నవ్వేశారు. పెద్దాయన మొహం ముడుచుకున్నాడు. మా ఊరివాళ్లు చప్పట్లు కొట్టారు. పాట మొత్తం అయ్యాకే, నిదానంగా, అన్నయ్య కండువా ఎత్తాడు. ఆడపెళ్లివారి మేళం పాట పూర్తి చేసుకున్న ఎదురుకోలు మా ఊళ్లో అదొక్కటేనని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పిన్ని నా గడ్డం పట్టుకుంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు.

"చూశావటే, మీ అన్నయ్య నీకోసం ఎట్టా నిలబడ్డాడో" అంది.

చూశాను పిన్నీ అన్నాను. పిట్టగోడ మీంచి కాస్త వంగి నిలబడ్డాను, కింద నుంచి చూసేవాళ్లకి కనబడేంతగా. వాడు ఒక్కసారి తలెత్తి ఇటు చూస్తే ఆ కండువా నాకోసమే ఆగిందని నమ్మేసేదాన్ని. వాడు వదిన చేతిలోంచి పానకం బిందె అందుకుని, ఆవిడతో ఏదో అని నవ్వుకుంటూ, మగపెళ్లివారి వైపు నడిచాడు.