ఇద్దరు బావల రేడియేటర్

అతన్ని అందరూ మేస్త్రి అనేవారు. ఇంట్లో అత్తగారు మొదలుకొని వీధి చివర టీ అమ్మేవాడి దాకా ఎవరికీ అసలు పేరుతో పని పడలేదు. వాహనాల రేడియేటర్లు బాగుచేయడం అతని పని. టైర్ల కొట్టుకీ రంగుల దుకాణానికీ మధ్య రేకుల షెడ్డు, దాని ముందు సిమెంటు తొట్టి. కారుతున్న రేడియేటర్‌ను ఆ తొట్టిలో ముంచి లోపలికి గాలి కొడితే, ఎక్కడ బుడగ లేస్తే అక్కడ చిల్లి. అక్కడ మాటు వేసేవాడు. తను వేసిన మాటు ఊడిందని ఎవరూ తిరిగి రాలేదని, ఇంకొకరు చెప్పేలోపు తనే చెప్పుకునేవాడు.

పెళ్ళయ్యేనాటికి అతని బావమరిది ఇంకా నిక్కర్ల వయసువాడు. బడి వదలగానే నేరుగా షెడ్డుకొచ్చి తొట్టి గట్టుమీద కూర్చునేవాడు. మేస్త్రికి పిల్లలు కలగలేదు. ఆ లోటు గురించి భార్యాభర్తలు మాట్లాడుకోవడం మానేసిన రోజుల్లోనే ఈ పిల్లాడు వాళ్ళింట్లో కొడుకులా తిరగడం మొదలుపెట్టాడు. వాడికి సైకిలు నేర్పింది మేస్త్రి. కారు నేర్పిందీ మేస్త్రే. పెద్దవాడై, ఒక ప్రెస్సులో అచ్చు యంత్రాలు చూసుకునే ఉద్యోగంలో చేరాక, పాత రెండు తలుపుల కారొకటి కొని దాన్ని ట్రాక్ మీద పరుగెత్తే రేసు కారుగా మార్చుకుంటానన్నాడు. ఇంటిల్లిపాదీ తిట్టారు. మేస్త్రి ఒక్కడే, "చేసుకోనివ్వండి, నేనున్నాగా" అన్నాడు. అప్పట్నుంచి ఏ బోల్టు బిగుసుకుపోయినా "పెద్ద బావా" అనే పిలుపు వచ్చేది. ఆ పిలుపు వచ్చిన రోజు మేస్త్రికి అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగేది.

ఇలా ఉండగా అతని మరదలికి పెళ్ళయింది. ఇంటికి చిన్నల్లుడు వచ్చాడు. పెద్ద పెద్ద భవనాల్లోకి గాలి ఎటునుంచి రావాలి, ఎటు పోవాలి అని లెక్కగట్టి గొట్టాల దారులు గీయడం అతని ఉద్యోగం. సన్నటి మనిషి, మెల్లటి మాట. తోడల్లుణ్ణి నోరారా "అన్నయ్యా" అని పిలిచేవాడు. మేస్త్రి మాత్రం అతన్ని ఏమనీ పిలిచేవాడు కాదు. "ఇదిగో", "అది కాదు" అంటూ గడిపేసేవాడు.

ఒక ఆదివారం అత్తగారింట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. కారు ట్రాక్ మీద కాసేపు పరుగెత్తగానే ఇంజను ఉడికిపోతోందని బావమరిది దిగులుగా చెప్పాడు.

"రోడ్డు మీద తిరిగే కారుకు పెట్టిన రేడియేటర్ అది. ఊపిరి తీసుకునే సందు లేకుండా తొక్కితే అది మాత్రం ఏం చేస్తుంది? పెద్దది చేసి పెడతాలే" అన్నాడు మేస్త్రి.

"చిన్న బావ ఏమంటున్నాడంటే పెద్ద బావా, పెద్దది కాదట, పలచటిది కావాలట" అన్నాడు బావమరిది.

మేస్త్రి చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంజను ఉడుకుతున్న సంగతి తనకంటే ముందు అతనికి తెలిసిందన్నమాట.

చిన్నల్లుడు మొహమాటపడుతూ చెప్పాడు. "పెద్ద సంగతేం కాదన్నయ్యా. కోర్ మరీ మందంగా ఉంటే గాలి అందులోంచి దూరలేదు. పక్కన సందులుంటే అటు జారిపోతుంది. పలచగా, వెడల్పుగా పెట్టి, ముందు గ్రిల్ దగ్గర్నుంచి రేకులతో డబ్బాలా మూసేస్తే వచ్చిన గాలంతా కోర్‌లోంచే పోతుంది. ఆ వేడిగాలి బయటపడ్డానికి బానెట్ మీద దారి ఒకటి కొయ్యాలి."

కోర్ అంటే రేడియేటర్ నడుమ ఉండే భాగం. సన్నటి గొట్టాలు, వాటి మధ్య రేకు మడతలు. ఆ మాట మేస్త్రి బతుకంతా పలికిన మాట. అది ఇంకొకరి నోట, తన అత్తగారి భోజనాల బల్ల దగ్గర వినబడేసరికి ఒళ్ళు భగ్గుమంది.

"గాలి కబుర్లకు ఇంజన్లు చల్లబడవు. నీళ్ళు ఎక్కువ పడితే వేడి ఎక్కువ మోస్తాయి. నాలుగు వరసల గొట్టాలతో కట్టానంటే నిప్పుల్లోంచి వెళ్ళినా వేడి చూపించే సూది కదలదు" అన్నాడు.

బావమరిది ఇద్దరి మొహాలూ చూసి, చివరికి "పెద్ద బావ చేసిందే పెడదాం" అన్నాడు. అత్తగారు మాత్రం పెరుగు గిన్నె తెచ్చి ముందు చిన్నల్లుడికి వడ్డించింది. అది కూడా మేస్త్రి చూశాడు.

ఇంటికొచ్చాక భార్య అంది: "ఎందుకండీ ఆ అబ్బాయంటే అంత కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారు? తమ్ముడు మన చేతుల్లో పెరిగాడు, నిజమే. అంతమాత్రాన మీ ఒక్కరికే రాసిచ్చామా?"

"నేనేమన్నాను?"

"మీరేమీ అనలేదు. ఆ అనకపోవడమే చూశాను."

మర్నాటినుంచి మేస్త్రి వచ్చిన పనులన్నీ పక్కనపెట్టి ఆ రేడియేటర్ మీద కూర్చున్నాడు. అల్యూమినియం గొట్టాలు నాలుగు వరసలు, రెండు వైపులా నీళ్ళు నిలిచే మందపాటి తొట్లు, సమంగా పూసలు గుచ్చినట్టు వెల్డింగు. చూడ్డానికి అది నగలా ఉంది. దాన్ని కారులో బిగించే రోజున చిన్నల్లుడు ఆఫీసునుంచి అటే వచ్చి, వంగి చూసి, "చాలా అందంగా చేశారన్నయ్యా. డబ్బా అయినా నన్ను కట్టనివ్వండి. ముందు బెత్తెడు చోటుంటే చాలు" అన్నాడు.

"చోటు లేదు" అన్నాడు మేస్త్రి.

చోటుంది. అతను వెళ్ళిపోయాక మేస్త్రి ఇంజను ఆయిలును చల్లబరిచే చిన్న కూలర్‌ను పక్కనుంచి ఊడదీసి, సరిగ్గా ఆ ఖాళీలో, రేడియేటర్ మూతి ముందు తెచ్చి బిగించాడు. దానికి ఒక రేకు పట్టీ కూడా వెల్డు చేశాడు. ఇప్పుడు తన మాట నిజమైంది. చేతులు కడుక్కుంటుంటే ఏదో తప్పు చేసిన ఇబ్బంది కలిగింది గానీ, ఇబ్బంది కంటే తృప్తే ఎక్కువగా ఉంది.

రేసుకు ముందు ట్రాక్ మీద పరీక్షగా నడుపుకోవడానికి ఒక రోజు ఇచ్చారు. ముగ్గురూ వెళ్ళారు. ట్రాక్ మీద నడిపే కారు రేడియేటర్ నీళ్ళలో చల్లబరిచే రంగు మందు, కూలెంట్, కలపకూడదు. ఒలికితే తారు జారుడవుతుంది. అందుకని వట్టి నీళ్ళే పోశారు. కారు కొన్ని చుట్లు తిరిగి వెనక్కొచ్చింది.

"సూది పైకి పోతోంది బావా" అన్నాడు బావమరిది, హెల్మెట్ అద్దం పైకెత్తి.

"లోపల గాలిబుడగ చిక్కుకుని ఉంటుంది. కొత్తదానికి మామూలే. కాస్త చల్లారనిచ్చి మళ్ళీ పో" అన్నాడు మేస్త్రి. మూత తీసి, నీళ్ళు నింపి, గొట్టాలు పిసికి బుడగలు వదిలించాడు. చిన్నల్లుడు గోడకానుకుని నిలబడ్డాడే తప్ప పెదవి విప్పలేదు. ఆ మౌనం మేస్త్రిని ఇంకా మండించింది. ఏదో ఒకటి అంటే, తనూ నాలుగు అనేవాడు.

కారు మళ్ళీ వెళ్ళింది. ఈసారి బుడగ కాదని మేస్త్రికి చప్పుడు వింటుంటేనే అనుమానం వచ్చింది. చెయ్యి ఊపి వెనక్కి పిలవచ్చు. పిలిస్తే పక్కనున్న మనిషి చూస్తాడు. ఇంకొక్క చుట్టు చూద్దాం అనుకున్నాడు.

ఆ చుట్టులోనే, మలుపు దగ్గర, బానెట్ కిందనుంచి తెల్లటి ఆవిరి లేచింది. లోపల ఉడికిన నీళ్ళు మూత తోసుకుని, పొంగిన నీళ్ళు పట్టే సీసాను నింపేసి, కింద టైర్లకు అడ్డంగా ఒలికాయి. కారు వెనక భాగం తిరిగిపోయి, ఇసకలోకి జారి, దుమ్ములో ఆగింది.

మేస్త్రి పరుగెత్తాడు. మోకాలు సహకరించని మనిషి, అయినా పరుగెత్తాడు. చిన్నల్లుడు అతన్ని దాటుకుని ఎప్పుడో వెళ్ళిపోయాడు. మేస్త్రి ఇంకా సగం దూరంలో ఉండగానే తలుపు తెరుచుకుంది. బావమరిది తన కాళ్ళమీద తనే దిగాడు. దెబ్బలేమీ తగల్లేదు. దిగినవాడు ఎదురుగా ఉన్న చిన్నల్లుణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు.

పిల్లాడు బతికి బయటపడ్డాడు అనుకున్నాడు మేస్త్రి. కళ్ళు చెమర్చాయి. ఆ కళ్ళతోనే, వాటేసుకున్న ఆ ఇద్దర్నీ చూసి, అక్కడ నేనుండాల్సింది అనుకున్నాడు. ఆ రెండు సంగతులూ ఒకే ఊపిరిలో కలిగాయి. ఇంత జరిగాక కూడా నాకిదేనా కనబడేది అని తనమీద తనకే రోత పుట్టింది. దగ్గరికెళ్ళి బావమరిది తల నిమిరాడు.

వాడు సమయానికి ఆపేయడంవల్ల ఇంజను దక్కింది. కారును బండికెక్కించి షెడ్డుకు తెచ్చారు.

తర్వాతి ఆదివారం చిన్నల్లుడు ఒక ఎర్ర ఊలుదారం ఉండ పట్టుకొచ్చాడు. "కోప్పడకండన్నయ్యా. గాలి ఎటు పోతోందో ఒకసారి చూద్దాం" అన్నాడు. దారాన్ని వేలెడంత ముక్కలుగా కోసి, గ్రిల్ వెనకాల, రేడియేటర్ ముందు, పక్క సందుల్లో టేపుతో అంటించాడు. వాటికి ఎదురుగా, బంపర్‌కు బిగించిన ఒక చిన్న ఇనప కమ్మీకి ఫోను కట్టి వీడియో నడిపించాడు. ఖాళీగా ఉన్న రోడ్డు మీద బావమరిది కారును అటూ ఇటూ తోలుకొచ్చాడు.

ముగ్గురూ తొట్టి దగ్గర కూర్చుని ఫోనులోకి తొంగిచూశారు. పక్క సందుల్లోని దారాలు నిటారుగా సాగి ఎగురుతున్నాయి. మేస్త్రి నగలా చేసిన కోర్ ముందున్న దారాలు మాత్రం ఆయిల్ కూలర్ వెనక వేలాడుతూ, కొసలు పక్కకు తిప్పుకుని ఉన్నాయి. గాలి వచ్చి, దారి దొరక్క, పక్కకు పోతోంది. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా ఉంది.

బావమరిది టీ తేవడానికి లేచి వెళ్ళాడు.

మేస్త్రి నేలకేసి చూస్తూ అన్నాడు. "ఆ రోజు చోటు లేదన్నానే. ఉంది. నువ్వు వెళ్ళాక ఈ కూలర్ తెచ్చి అడ్డం పెట్టాను."

"తెలుసన్నయ్యా. చోటుందో లేదో ఆ రోజు మిమ్మల్ని అడక్కముందే కొలుచుకున్నాను."

"మరి వాడికెందుకు చెప్పలేదు?"

చిన్నల్లుడు చేతిలోని దారం ఉండను చుట్టడం మొదలుపెట్టాడు. "చెబితే వాడు మిమ్మల్ని కాదనలేక నన్ను కాదంటాడేమోనని. వాడు నోరు విప్పితే పెద్ద బావ సైకిలు నేర్పాడు, పెద్ద బావ కారు నేర్పాడు. మా ఆవిడా అంతే. నేను ఈ ఇంట్లో ఎప్పుడూ తర్వాత వచ్చినవాణ్ణే. ట్రాక్ దగ్గర కూడా నోరు మూసుకుని తప్పు చేశాను. మీరు ఓడిపోతే చూడాలని ఎక్కడో ఉంది నాకు. వాడికి ఏమన్నా అయ్యుంటే..."

మేస్త్రి తలెత్తి చూశాడు. ఈ మనిషికి తనంటే కడుపుమంట ఉందన్నమాట. అది విన్నాక మేస్త్రికి కలిగిన సంతోషం మంచివాడికి కలగాల్సిన సంతోషం కాదు. అయినా కలిగింది. ఇన్నేళ్ళుగా ఒక్కడే మోస్తున్న బరువును రెండోవైపు ఎవరో పట్టుకున్నట్టయింది.

"సరే తమ్ముడూ" అన్నాడు. అలా పిలవడం అదే మొదలు. "ఎంత పలచగా ఉండాలంటావు?"

నాలుగు వరసల రేడియేటర్‌ను మేస్త్రి తన చేతులతోనే ఊడదీశాడు. కొత్తది రెండు వరసలు. గ్రిల్ అంత వెడల్పు, పైభాగం కొంచెం ముందుకు వాలి ఉంటుంది. ఆయిల్ కూలర్ మళ్ళీ పక్కకు పోయింది, దానికి విడిగా ఒక గాలి గొట్టం. గ్రిల్ నుంచి కోర్ దాకా రేకు డబ్బా కట్టి, అంచులకు స్పాంజి పట్టీలు అంటించారు. బానెట్ మీద దారి ఎక్కడ కొయ్యాలో చిన్నల్లుడు గీత గీశాడు. కొయ్యడానికి కట్టర్ అందుకోబోతే మేస్త్రి ఒప్పుకోలేదు. "గీసేది నువ్వు, కోసేది నేను. నీ చేతికిస్తే బానెట్ పల్లీల పొట్లంలా అవుతుంది." చిన్నల్లుడు నవ్వి తప్పుకున్నాడు. కానీ రివెట్లు వంకరగా పడుతున్నాయని రెండుసార్లు అన్నాడు. మేస్త్రి రెండుసార్లూ విననట్టు ఊరుకుని, అతను భోజనానికి వెళ్ళాక వాటిని సరిచేశాడు.

రేసు రోజున ఎండ మండిపోతోంది. ముందు బయల్దేరిన కార్లలో కొన్ని ఆవిరి కక్కుతూ పక్కకు తప్పుకున్నాయి. బావమరిది కారు గెలవలేదు, మొదటి వరసలోకి కూడా రాలేదు. కానీ చివరి చుట్టుదాకా నిలబడింది. సూది మధ్యకు వచ్చి అక్కడే ఉండిపోయిందట. దిగి వచ్చి ఇద్దరు బావల భుజాలమీదా చేతులు వేసి, "మీ ఇద్దరూ లేకపోతే నేను లేను" అన్నాడు. ఆ "ఇద్దరూ" అనే మాట మేస్త్రికి గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. నవ్వుతూనే మింగాడు.

పక్క జట్టువాళ్ళు వచ్చి ఈ పని ఎవరు చేశారని అడిగారు. చిన్నల్లుడు వెంటనే, "మా అన్నయ్య" అని చూపించాడు. మేస్త్రి కూడా అతని వైపు చూపించి ఉండాల్సింది. చూపించలేదు. వాళ్ళు షెడ్డుకు దారి అడిగితే చెప్పాడు, అంతే. తిరుగు ప్రయాణంలో బండి సగం దూరం వచ్చాక, ఎవరూ అడక్కుండానే, "డబ్బా సంగతి నీదని వాళ్ళకు ఫోన్ చేసి చెబుతాలే" అన్నాడు. నిజంగానే మర్నాడు చేశాడు.

ఇప్పుడు అతని షెడ్డుకు ట్రాక్ మీద తోలేవాళ్ళు కూడా వస్తున్నారు. కోర్ మేస్త్రి చేస్తాడు. డబ్బా కొలతలకు తమ్ముణ్ణి పిలిపిస్తాడు. ఇద్దరూ కలిసి బంపర్ల కింద పడుకుని వాదించుకోవడం చూసినవాళ్ళు సొంత అన్నదమ్ములనుకుంటారు. పని అంతా సవ్యంగా సాగుతుంది. మధ్యలో ఎక్కడో ఫోను మోగుతుంది. అప్పుడు మాత్రం మేస్త్రి చేతిలో పని ఆగిపోతుంది. మోగింది తన జేబులోనా, పక్కవాడి జేబులోనా అని చెవి రిక్కించి వింటాడు. పక్కవాడిదైతే, పిలిచింది బావమరిదైతే, కాసేపు స్పానర్ కొంచెం గట్టిగా తిప్పుతాడు. భార్య టీ తెచ్చిన రోజుల్లో అది గమనించి, ముందు మేస్త్రికే గ్లాసు అందిస్తుంది.