తుడిచిన పిస్టల్

జగన్నాధం చేతులకు తుపాకి నూనె వాసన ఎప్పుడూ వదల్లేదు. భార్య పద్మకుమారి ఎన్ని సబ్బులు మార్చినా లాభం లేకపోయింది. గజపతినగరం అవతల చోళ్లు, నువ్వులు పండించే ఇంట పుట్టి, కానిస్టేబులుగా చేరి, పోలీసు లైన్లలోని ఆయుధాల గదిలో తుపాకులు బాగుచేస్తూ తల నెరిసిపోయిన మనిషి. ఆయనకున్నది ఒకటే పిచ్చి. మురికి ఆయుధం కంటపడకూడదు. డ్యూటీ దిగినవాడు చెమట పట్టిన పిస్టల్ అప్పగిస్తే చాలు, వాడిని తిడుతూనే, ఆ తిట్టు పూర్తయ్యేలోగా దాన్ని విప్పి తుడిచేసేవాడు. ఫోనులో కూతురితో గొడవపడుతూ తుడిచేవాడు. ఆ పనికి ఆయన చేతులే చాలు, బుర్ర అక్కర్లేదు.

కొత్తగా చేరినవాళ్లకు క్లాసు చెప్పమంటే మాత్రం పూనకం వచ్చేది. పిస్టల్ అడుగు నుంచి తూటాల మేగజైన్ ఊడదీసి బల్లమీద పెట్టి, అందరూ చూస్తుండగా ట్రిగ్గర్ నొక్కేవాడు. తూటాను కొట్టే వెనక సుత్తి కదిలేది కాదు.

“సూసారట్రా? మేగజైన్ తీసీస్తే ఇదింక ఇనప ముక్కే. లోపల ఒక తూటా ఉండిపోయినా పేలదు. దీనికా సేఫ్టీ ఉన్నాది” అనేవాడు. “అయినా గొట్టం వెనక తూటా ఉండిపోనాదేమో సూసుకోవాల” అని చివర్లో ఒక మాట కలిపేవాడు. ఆ చివరి మాట ఎవరికి గుర్తుంటుంది? అందరికీ గుర్తుండిపోయింది ఆయన చేసి చూపిన తమాషాయే.

అలా విన్నవాళ్లలో త్రినాథ్ ఒకడు. రామతీర్థం దగ్గర పల్లెవాడు. వరస కలుపుకుని “సిన్నాన్నా” అంటూ వెనకే తిరిగేవాడు. సాలూరు వైపు ఒక నాయకుడికి గన్‌మన్‌గా వేశారు. జగన్నాధానికి కొడుకుల్లేరు. వాడి మీద ఆయనకెంత ప్రేమో లైన్లలో అందరికీ తెలుసు.

దసరాకి ఆయుధపూజ ఆయన చేతులమీదుగానే జరిగేది. తెల్ల దుప్పటి పరిచి, తుపాకులూ పిస్టళ్లూ వరసగా పేర్చి, గంధం రాసి, కుంకుమ పెట్టేవాడు. ఏడాదంతా మరక సహించని మనిషి, ఆ బొట్టును మాత్రం పండగ వెళ్లేదాకా ముట్టనిచ్చేవాడు కాదు. అమ్మవారికి పెట్టింది ఎలా చెరుపుతాం అనేవాడు. ఈసారి త్రినాథ్ పక్కన చేరి, “సిన్నాన్నా, నాదానికి ఇంకొంచెం దట్టంగా ఎట్టు” అని వేధించాడు. ఈయన నవ్వి, గంధం కారేటట్టు పట్టించాడు. అది ట్రిగ్గర్ సందులోకి కూడా దిగింది. దిగుతుంటే చూశాడు కూడా. పండగ పూట ఏమవుతుందిలే అనుకున్నాడు.

పండగ వెళ్లింది. సాలూరులో, నాయకుడి ఇంటి పక్క గదిలో, పొద్దున్నే త్రినాథ్ ఒక్కడే కూర్చుని పిస్టల్ మీది బొట్టు తుడుచుకుంటున్నాడు. గుండు పేలి ఛాతీలోంచి పోయింది.

తోటి గన్‌మన్ వెంకీ పరుగెత్తుకొచ్చాడు. ఆస్పత్రిలో ప్రాణం లేదన్నారు. అతనికేం తోచిందో, పిస్టల్నీ మేగజైన్‌నీ తువ్వాల్లో చుట్టి నేరుగా తెచ్చి జగన్నాధం చేతిలో పెట్టాడు. మేగజైన్ ముందే తీసి ఉందా, కంగారులో తనే తీశాడా అంటే, “నాకేటీ గేపకం నేదు గురూగారూ” అని భోరుమన్నాడు.

జగన్నాధం గోడకు చేరబడి ఏడ్చాడు. ఏడుస్తుంటే ఆయన చేతులు పిస్టల్ విప్పాయి, నూనె వేశాయి, తుడిచాయి. తెలివి వచ్చి చూసుకునేసరికి ఒళ్లో గుడ్డ ఎర్రగా ఉంది. నెత్తురూ కుంకుమా కలిసిన ఆ గుడ్డలో ఎండిన గంధం పెళ్ల ఒకటి ఉంది. అది ఎక్కడిదో ఆయనకు వెంటనే తెలిసింది. మేగజైన్ తీయగానే బయటికి జరిగి ట్రిగ్గర్‌ను ఆపవలసిన చిన్న ముక్కను ఆ పెళ్లే పట్టి ఉంచింది. ఇప్పుడా ముక్క నూనెలో హాయిగా ఆడుతోంది.

విచారణకు వచ్చిన అధికారి తిరుమలరావు గారు చెడ్డవారేమీ కాదు. జగన్నాధం చేసిన పని దాచకుండా చెబితే ఓపిగ్గా విన్నారు. మేగజైన్ తీసి ట్రిగ్గర్ నొక్కించారు. సుత్తి కదల్లేదు. మళ్లీ మళ్లీ నొక్కించారు. ఒక ఆయుధం చెడిపోయి ఉండాలని జగన్నాధం మొక్కుకోవడం బతుకులో అదే మొదలు. బతిమాలి మళ్లీ గంధం పూసి ఎండబెట్టాడు. అప్పుడూ ఆ ముక్క ఇరుక్కోలేదు. దానికి బుద్ధి పుట్టినప్పుడు ఇరుక్కునే వస్తువును పెద్దల ముందు ఇరుక్కోమంటే ఇరుక్కుంటుందా?

“మీ బాధ అర్థమైంది జగన్నాధం గారూ. కానీ ఇది మేగజైన్ లేకుండా పేలదని మీరే కదా అందరికీ నేర్పారు?” అన్నారు తిరుమలరావు గారు.

విచారణ అంతటితో ముగిసింది. మేగజైన్ ఉండగానే, త్రినాథ్ తెలిసే కాల్చుకున్నాడని తేల్చారు.

త్రినాథ్ ఊళ్లో ఆ కబురు చాలింది. ఆ పొద్దున త్రినాథ్ ఫోనులో పెళ్లాం రేఖతో గొడవపడ్డాడని అందరికీ తెలుసు. దసరా వెళ్లాక అమ్మవారికి జరిగే సిరిమాను ఉత్సవానికైనా సెలవు పెట్టలేదేమని ఆమె అడిగింది. అత్త కుసుమకుమారి కోడలితో మాటలు మానేసింది.

జగన్నాధం ఆ ఇంటికి వెళ్లాడు. రేఖ అరుగు మీద కూర్చుని ఉంది.

“నువ్వున్నా ఒకటే, నేకపోయినా ఒకటే అనీసాను మావయ్యా. అదే ఆకరి మాట” అంది.

“నీ మాటకి సావనేదమ్మా ఆడు. మేగజైన్ తీసీసి, ఇంక పేలదనుకుని తుడుసుకుంతన్నాడు. లోపల గంధం గట్టకట్టీసినాది. ఆ గంధం ఎట్టింది నాను.”

రేఖ చప్పున తలెత్తింది. ఇన్నాళ్లకు ఆ ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది.

“మరయితే పెద్దోళ్లు పరీచ్చ సేసినప్పుడు పేలిందా?”

“నేదు.”

“ఎందుకు పేలనేదు?”

“నానే తుడిసీసాను తల్లీ. ఏడుస్తా తుడిసీసాను. నాకే తెలీనేదు.”

ఆమె ముఖంలో వెలుగు పోయింది. జాలి వచ్చింది. అది తన మీద కాదు, ఆయన మీద.

“నువ్వు మంచోడివి మావయ్యా. నన్ను ఊరుకోబెట్టడానికి ఆ పాపం నీ నెత్తినేసుకోకు.”

“నా కూతురి మీదొట్టు, రేఖా!”

“ఒట్లెందుకు మావయ్యా” అంటూ లేచి లోపలికెళ్లి, మంచినీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది. “తాగీసి ఇంటికెల్లు. పద్మత్త ఎదురు సూస్తుంటాది.”